కెల్ప్‌కి పేరు పెట్టే ముందు

అమ్మాయీ,

మాక్రోసిస్టిస్ (సముద్రంలో పెరిగే రాక్షస కెల్ప్ అనే గోధుమరంగు నాచు) మీద పని మొదలుపెడుతున్నావని విని చాలా సంతోషించాను. ఆకారం చూసి తొందరపడి పేరు పెట్టకు, ముందు ఆ మాట చెప్పాలి.

దీని చరిత్రే చూడు. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ 1771లో దీన్ని ఫ్యూకస్ పైరిఫర్ అన్నాడు. తర్వాతివాళ్లు పత్రాల వెడల్పు, ముడతలు చూసి కొత్త జాతులు చేర్చుకుంటూ పోయారు. 1847లో వృక్షశాస్త్రవేత్త హుకర్ వాటిని ఒకే జాతి కింద కలిపేశాడు. 20వ శతాబ్దంలో మళ్లీ విడదీశారు, ఈసారి రాయిని పట్టుకునే హోల్డ్‌ఫాస్ట్‌ని బట్టి. లోతు నీళ్లలో శంకువులా పెరిగితే పైరిఫెరా, తక్కువ లోతులో నేలబారుగా పాకితే ఇంటిగ్రిఫోలియా. ఇంకో రెండు చేరి నాలుగయ్యాయి. మధ్యరకం రూపాలు దొరకడం, ఒకదానితో ఒకటి సంకరం కావడం చూశాక 2009లో నాలుగూ ఒక్కటే అన్నారు. ఇప్పుడు జీనోమ్ పరిశోధనలు ఆ ప్రశ్నను మళ్లీ లేవనెత్తాయి. అందుకే రేపు ఎవరు ఏ పేరు ఖాయం చేసినా పనికొచ్చేలా సేకరించు.

ప్రవాహం జోరుగా ఉన్నచోట పత్రాలు సన్నగా, మందంగా ఉంటాయి. కదలిక తక్కువైన నీటిలో వెడల్పుగా, పలచగా, అంచులు ముడతలు పడి ఉంటాయి. కాబట్టి లోతు, అలల తీవ్రత, అడుగున రాయా ఇసుకా అన్నది రాయని నమూనా నా దృష్టిలో సగం నమూనాయే.

ఒక్క పత్రం తెంపుకొచ్చి సరిపెట్టుకోకు. కొన దగ్గరి లేతది, మధ్యలో ముదిరింది, అడుగున సిద్ధబీజాలు (స్పోర్లు) మోసేది, మూడూ తీసుకో. అడుగువాటికి చాలాసార్లు పత్రాన్ని తేల్చే గాలిబుడగలే ఉండవు. వీటిని విడివిడిగా హెర్బేరియం షీట్ల మీద (ఎండబెట్టిన నమూనాలు దాచే కాగితాలు) అతికిస్తే వేర్వేరు జాతులు అనిపించినా ఆశ్చర్యం లేదు. హోల్డ్‌ఫాస్ట్‌ని పీకకుండా నీటిలోనే ఫోటో తియ్యి, ఎంత ముదిరిందో రాయి. డీఎన్‌ఏ కోసం చిన్న ముక్క తేమ పీల్చే సిలికా జెల్‌లో వెయ్యి.

వీలైతే వేర్వేరుగా కనిపించే రెండు రూపాల సిద్ధబీజాలనూ ఒకే ట్యాంకులో, ఒకే వెలుతురులో పెంచు. అక్కడ కూడా నిలిచిన తేడా వారసత్వంగా వచ్చిందని అనుకోవచ్చు. పోయిన తేడా నీటి ప్రభావం. ఇది నెలల తరబడి సాగే పని, అయినా నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను. ఒక్క జీన్ ఫలితం చేతికొచ్చిందని మాత్రం జాతిని చీల్చకు. వేర్వేరు తీరాల నమూనాలు, మధ్యరకాలు కూడా పోల్చాకే రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు