తెరెజీన్, హ్ర్జెన్స్కో: ఒక్కరోజులో కుక్కకండి, నది వెంట రెండు రోజులు వెళ్లండి

మీరు అడిగింది ఇదీ: ప్రాగ్‌లో ఉంటున్నారు, వచ్చే నెల అమ్మానాన్నలు వస్తున్నారు. చెక్ దేశం ఉత్తరాన జర్మనీ సరిహద్దులో హ్ర్జెన్స్కో ఊరి దగ్గరున్న రాతి తోరణం, దారిలో నాజీల కాలపు జైలు, గెట్టో ఉన్న తెరెజీన్ స్మారకం ఒక్కరోజులో అయిపోతాయా? అసలు పెద్దవాళ్లకు తెరెజీన్ చూపించడం మంచిదేనా?

కారుంటే ఒక్కరోజులో అయిపోతాయి. నేను 2019లో ఫ్రెండ్స్‌తో అలాగే చేశాను, ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. పొద్దున్నే తోరణం దగ్గర ఫొటోలు దిగాం. దారిలో తీరిగ్గా భోంచేసి, మూసే టైముకు గంట ముందు తెరెజీన్‌లో దిగాం. ఒక్కో గదిలోకి తొంగిచూసి బయటికి రావడమే. మ్యూజియంలో పిల్లల పేర్లు రాసిన గోడ దగ్గరికి వెళ్లేసరికి, ఇక బయలుదేరండి అన్నారు. నాలుగు పేర్లు కూడా చదవలేదు.

2023లో అమ్మానాన్నా తెనాలి నుంచి వచ్చినప్పుడు రెండు రోజులు పెట్టుకున్నాను. ముందు తెరెజీన్, తర్వాత తోరణం. మీకూ అదే చెబుతాను.

ప్రాగ్ హొలెషొవిత్సె బస్టాండ్ నుంచి తెరెజీన్‌కు బస్సులో గంట ప్రయాణం. పొద్దున్నే వెళ్లండి. చిన్న కోటకు, ఊళ్లో ఉన్న మ్యూజియానికి కలిపి ఒకటే టికెట్ ఇస్తారు, అది తీసుకోండి. రెండో జోసెఫ్ చక్రవర్తి 1780లో కట్టించడం మొదలుపెట్టి, తల్లి మరియా తెరీజా పేరు పెట్టిన కోట ఊరు ఇది. ఆస్ట్రియా యువరాజు ఫెర్డినాండ్‌ను కాల్చి మొదటి ప్రపంచ యుద్ధానికి నిప్పు రాజేసిన గవ్రిలో ప్రిన్సిప్ 1918లో ఖైదీగా ఇక్కడే చనిపోయాడు. 1940లో చిన్న కోట నాజీల రహస్య పోలీసులైన గెస్టపో జైలైంది. దాదాపు 32 వేల మందిని ఇందులో పెట్టారు. నది అవతల ఉన్న ఊళ్లో 1941 నవంబరు నుంచి గెట్టో, అంటే యూదులను బంధించి ఉంచిన పేట. యుద్ధానికి ముందు సైనికులతో కలిపి 7 వేల మంది ఉన్న ఊళ్లో, 1942 సెప్టెంబరులో 58 వేల మందికి పైగా ఉన్నారు. మొత్తం మీద లక్షా 40 వేల మందికి పైగా ఇక్కడికి తెచ్చారు. 33 వేల మందికి పైగా ఇక్కడే పోయారు. దాదాపు 87 వేల మందిని తూర్పున ఉన్న చావు శిబిరాలకు రైళ్లలో పంపేశారు.

చిన్న కోటలో ఒక గది మాత్రం తప్పకుండా చూడండి. వరసగా వాష్‌బేసిన్లు, వాటి పైన అద్దాలు. రెడ్‌క్రాస్ వాళ్లు తనిఖీకి వస్తే చూపించడానికి కట్టిన గది అది. ఖైదీలు అందులో ఒక్కరోజు కూడా మొహం కడుక్కోలేదు. అమ్మ ఒక కుళాయి మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకుంది. 1944 జూన్ 23న రెడ్‌క్రాస్ బృందం నిజంగానే గెట్టోకు వచ్చింది. అప్పటికి ఊళ్లో గోడలకు రంగులేసి, పూల మొక్కలు నాటి, అంతా బాగానే ఉందని నమ్మించి పంపారు.

మ్యూజియం ఉన్న భవనంలో గెట్టో రోజుల్లో మగపిల్లలు ఉండేవారు. వాళ్లలో కొందరు రహస్యంగా వారపత్రిక నడిపారు. దాని సంపాదకుడు ప్రాగ్ కుర్రాడు పెటర్ గింజ్. చంద్రుడి మీద నుంచి భూమి ఎలా కనిపిస్తుందో ఊహించి ఒక బొమ్మ గీశాడు. 1944లో, 16 ఏళ్లకే, అతన్ని ఆష్విట్జ్ చావు శిబిరంలో చంపేశారు. ఆ బొమ్మ నకలును ఇజ్రాయెల్ వ్యోమగామి ఇలాన్ రమోన్ 2003లో కొలంబియా అంతరిక్ష నౌకలో వెంట తీసుకెళ్లాడు. అవును, మన కల్పనా చావ్లా ఉన్న కొలంబియానే. అది కూలిపోయిన ఫిబ్రవరి 1 పెటర్ పుట్టినరోజు, బతికి ఉంటే ఆ రోజుకు 75 నిండేవి. నాన్న స్కూల్లో సైన్స్ చెప్పినవారు. కల్పన ఫొటోను పిల్లల చేత చార్టు మీద అతికించింది ఆయనే. ఈ సంగతి చెప్పాక ఆయన ఆ గోడ దగ్గరికి వెనక్కి వెళ్లి, నెమ్మదిగా కూడబలుక్కుంటూ పేర్లు చదవడం మొదలుపెట్టారు. మధ్యలో నేను పిలవలేదు.

పెద్దవాళ్లకు చూపించాలా అన్నారు కదా. చూపించండి, కానీ ముందే కూర్చోబెట్టి చెప్పండి. ఏం చూడబోతున్నారో తెలియకుండా తీసుకెళ్లడం వాళ్లకూ మంచిది కాదు, ఆ చోటుకూ మర్యాద కాదు. బీపీ ఉంటే ఉరితీతలు, కాల్చివేతలు జరిగిన వైపుకు వెళ్లే అర కిలోమీటరు సొరంగం మానేయండి. అది ఇరుకుగా ఉంటుంది, కొందరికి ఊపిరాడనట్టు అనిపిస్తుంది.

కోటకూ ఊరికీ మధ్య ఓహ్ర్జె నది. ఒడ్డున ఒక స్మారకం ఉంది, చాలామంది అటు వెళ్లరు. గెట్టోలో చనిపోయినవాళ్లను దహనం చేసి, అస్థికలను పెట్టెల్లో దాచేవారు. ఓడిపోతున్నామని తెలిశాక నాజీలు, ఆనవాళ్లు మిగలకూడదని, 1944 నవంబరులో 22 వేల మంది బూడిదను ఈ నదిలో పోయించారు. నేను ఇది చెప్పగానే నాన్న గట్టు మీద కూలబడ్డారు. తాతయ్య అస్థికలు కృష్ణలో కలిపింది ఆయనే. "మనం దణ్ణం పెట్టి వదులుతాం కదమ్మా, వీళ్లు దాచిపెట్టడానికి వదిలారు" అన్నారు. కాసేపటికి లేచి, జాగ్రత్తగా కిందికి దిగి, దోసిట్లో నీళ్లు తీసుకుని వదిలారు. గోత్రం లేదు, పేరు లేదు, మంత్రం లేదు. అమ్మ చెప్పులు విడిచి పక్కన నిలబడింది.

రాత్రికి ప్రాగ్ తిరిగి వెళ్లకండి. మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న లితొమ్యెర్జిత్సెలో బస చేయండి, చౌరస్తా విశాలంగా, ప్రశాంతంగా ఉంటుంది. 1938 మ్యూనిక్ ఒప్పందంతో హిట్లర్‌కు దక్కిన ఊరు అది. ఈ రెండు ఊళ్ల మధ్యలోనే కొత్త సరిహద్దు గీశారు, తెరెజీన్ ఇటు మిగిలింది. యుద్ధం అయ్యాక దేశం మొత్తం మీద దాదాపు 30 లక్షల మంది జర్మన్లను వెళ్లగొట్టారు, ఎక్కువ మంది ఈ సరిహద్దు ప్రాంతాల వాళ్లే. రైలు ఊస్తీ మీదుగా వెళ్తుంది. అక్కడి వంతెన మీద 1945 జూలై 31న జర్మన్ పౌరులను గుంపు కొట్టి చంపింది. ఆ మృతుల కోసం చెక్, జర్మన్ భాషల్లో రాసిన ఫలకాన్ని 2005లో పెట్టారు. టైముంటే దిగి చూడండి. చంపినవాళ్లు తమవైపు వాళ్లే అయినా చెక్‌లు ఆ ఫలకం పెట్టుకున్నారు, నాకు దాని మీద చాలా గౌరవం.

రెండో రోజు ద్యెచీన్ దాకా రైలు, అక్కడి నుంచి హ్ర్జెన్స్కోకు బస్సు. దేశం మొత్తంలో పల్లపు చోటు ఇదే, సముద్ర మట్టానికి 115 మీటర్లు. ప్రవ్చిత్స్కా బ్రానా అనే తోరణం యూరప్‌లోకెల్లా పెద్ద ఇసుకరాతి తోరణం. 26 మీటర్లకు పైగా వెడల్పు, 16 మీటర్ల ఎత్తు ఖాళీ, పైన మధ్యలో రాయి మందం మూడు మీటర్లే. దాని మీద నడవనివ్వరు. ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న ఇసుక ఇది. దారి పక్క బండను వేలితో రాస్తే చక్కెర పలుకుల్లా రాలుతుంది. మూడు ఊటలు అనే స్టాప్‌లో దిగితే రెండు కిలోమీటర్ల నడక, చివర్లో ఎత్తు, మెట్లు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. గంటలో ఎక్కేది రెండు గంటలు పట్టింది, అయినా ఎక్కింది. టికెట్‌కు కొంచెం చెక్ డబ్బు, అంటే క్రౌన్లు, చేతిలో ఉంచుకోండి, పులిహోర కట్టుకుని వెళ్లండి. హోటళ్లలో శాకాహారం అంటే వేయించిన చీజే ఎక్కువగా దొరుకుతుంది. పాస్‌పోర్టులు వెంట ఉంచుకోండి, జర్మనీ వైపు అడుగు పెడితే చెకింగ్ ఉండొచ్చు.

2022 జూలైలో ఇక్కడ దాదాపు వెయ్యి హెక్టార్ల అడవి కాలిపోయింది. అంతకుముందే బెరడు పురుగు స్ప్రూస్ చెట్లను ఎండబెట్టేసింది. మేం వెళ్లినప్పుడు నల్లటి మోడుల మధ్య మోకాలెత్తు బిర్చ్ మొక్కలు పచ్చగా ఉన్నాయి. మంటల తర్వాత కొన్ని బాటలు మూసేశారు, బయలుదేరే ముందు పార్క్ వెబ్‌సైట్ చూసుకోండి.

సాయంత్రం హ్ర్జెన్స్కోలో ఎల్బే నది ఒడ్డున పడవ కోసం నిలబడ్డాం. అవతలి గట్టు జర్మనీ. నాన్న నీళ్లకేసి చూస్తూ "ఇది నిన్నటి నదేనా?" అని అడిగారు. ఓహ్ర్జె లితొమ్యెర్జిత్సె దగ్గర ఎల్బేలో కలుస్తుందని, ఆ నీళ్లే ఇటు వస్తాయని చెప్పాను. పడవ వచ్చింది. ఆయన ఎక్కే ముందు వంగి, మునివేళ్లతో నీటిని తాకి కళ్లకద్దుకున్నారు.