నీళ్లకన్నా ముందు దువ్వెన

ఈమధ్య తిరుపతికి వచ్చినప్పుడు వీసా సంగతి అడిగేవాళ్లకంటే, అమెరికాలో పిల్లలు పెంచుకుంటున్న కుక్కల సంగతి అడిగే తల్లులే ఎక్కువయ్యారు. మొన్న బైరాగిపట్టెడలో పక్కింటి అక్క ఫోన్ నా చేతికిచ్చింది. అవతల డల్లాస్ నుంచి కూతురు: "మామా, గోల్డెన్‌డూడుల్‌ని, అదే గోల్డెన్ రిట్రీవర్, పూడుల్ కలిసిన జాతి కుక్కని తెచ్చుకున్నాం. దువ్వి, కత్తిరించి, స్నానం చేయించే గ్రూమింగ్‌కి పోతే వంద డాలర్లు దాటుతోంది. ఇంట్లోనే చేసుకోవచ్చా?"

చేసుకోవచ్చు అమ్మణ్ణీ. కానీ మనవాళ్లు ముందు షాంపూ కొంటారు. కొనాల్సింది స్లిక్కర్ బ్రష్ (సన్నటి తీగల పళ్లున్నది), స్టీలు దువ్వెన. డూడుల్, పూడుల్, షిట్జు జాతుల బొచ్చు పెద్దగా కింద రాలదు, ఇల్లు శుభ్రంగా ఉంటుందని ముచ్చటపడి తెచ్చుకుంటారు. ఆ ఊడిన వెంట్రుక పక్క వెంట్రుకల్లోనే ఇరుక్కుని ఉండ కడుతుంది. దానిమీద నీళ్లు పడితే ఇంకా బిగుసుకుని చర్మాన్ని లాగుతుంది. అందుకే దువ్వాకే స్నానం. అదీ కుక్కల షాంపూతోనే, మనం తలకు వాడేది వద్దు.

పైపైన బ్రష్ తిప్పితే అంతా బాగున్నట్టే ఉంటుంది. స్టీలు దువ్వెన చర్మం దాకా దించి చూడండి. చెవుల వెనక, చంకల్లో, కాలర్ కింద టక్కున ఆగుతుంది. అక్కడ ఉండను చర్మం వైపు రెండు వేళ్లతో గట్టిగా పట్టుకోవాలి. లాగుడంతా మీ వేళ్లమీద పడాలి, దాని చర్మంమీద కాదు. కొస నుంచి కొంచెం కొంచెంగా విడదీస్తూ లోపలికి రండి. కుక్కకైనా పిల్లికైనా కత్తెర జోలికి పోవద్దు. పిల్లి చర్మం మరీ పలచన, ఉండతో పాటు అదీ తెగుతుంది. విడిపోని ఉండను క్లిప్పర్‌తో, అంటే బొచ్చు గొరిగే మెషిన్‌తో తీయించడమే. డూడుల్‌కి ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కత్తిరింపు ఎలాగూ తప్పదు. మొదట్లో అది గ్రూమర్‌కే వదిలేసి, దువ్వడం మీరు చూసుకోండి.

ఎండలు ముదిరితే ఇక్కడి పెద్దవాళ్లు "గుండు కొట్టించేయండి" అంటారు. తిరుపతి వాళ్లకు గుండంటే పుణ్యం, చల్లదనం రెండూ. లాబ్రడార్, హస్కీ, జర్మన్ షెపర్డ్‌లకు మాత్రం ఆ పని చేయకండి. వాటికి రెండు పొరల బొచ్చు. చర్మానికి ఎండ తగలకుండా కాపాడేది అదే. గొరిగితే కొన్నిటికి మళ్లీ మునుపటిలా రాదు కూడా. ఊడిన లోపలి పొరను దువ్వి తీసేస్తే గాలి ఆడుతుంది, అది చాలు.

నాకు నిజంగా భయం వేసేది ఇంటి వైద్యం దగ్గరే. పిడుదులకని కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయమని అమ్మలు ఫోన్‌లో చెబుతుంటారు. కర్పూరం కుక్కకూ పిల్లికీ విషమే. స్నానం నీళ్లలో డెట్టాల్ కూడా వద్దు. పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది, అలాంటి మందుల్ని దాని కాలేయం అరిగించుకోలేదు. అన్నిటికన్నా ముఖ్యం: కుక్కల పిడుదు మందుల్లో కొన్నిటిలో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. అది పడితే పిల్లికి వణుకు, ఫిట్స్, ప్రాణమే పోవచ్చు. రెండూ ఉన్న ఇంట్లో మందు కొనేముందే డాక్టర్‌ని అడగండి. ఇక్కడైతే వెటర్నరీ కాలేజీ 1955 నుంచీ ఊళ్లోనే ఉంది, పరిగెత్తుతాం. అమెరికాలో అర్ధరాత్రి ఏమైనా అయితే జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ వారి పాయిజన్ కంట్రోల్ కేంద్రం 24 గంటలూ ఫోన్‌లో దొరుకుతుంది. ఫీజు అడగొచ్చు, అయినా చేయండి.

పిడుదు కనబడితే అగ్గిపుల్ల, కిరోసిన్ వద్దు. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, తిప్పకుండా పైకి లాగాలి. చలికాలం మంచు ప్రాంతాల్లో రోడ్లమీద ఉప్పు చల్లుతారు. వాకింగ్ నుంచి రాగానే గోరువెచ్చటి నీళ్లతో పాదాలు కడిగి, వేళ్ల సందులు తుడవండి.

గోళ్లకు తొందరపడొద్దు. తెల్ల గోరులో రక్తనాళం గులాబీ రంగులో కనిపిస్తుంది, నల్లగోరులో కనబడదు. కొసనే బియ్యపు గింజంత కత్తిరించి, తెగిన చోట చూడండి. మధ్యలో నల్లచుక్క కనబడితే అక్కడ ఆపేయాలి. రక్తం వస్తే దాన్ని ఆపే స్టిప్టిక్ పౌడర్ అద్దండి, లేకపోతే కార్న్‌ఫ్లోర్ (అక్కడ కార్న్‌స్టార్చ్ అంటారు) అయినా పనికొస్తుంది. ఆ పూటకు మిగతా గోళ్లు ముట్టుకోకండి.