ఎంటర్ మీట మీద అంత ప్రేమ వద్దు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల అందింది. రెండుసార్లు చదివాను. కథ గురించి చెప్పవలసింది చాలా ఉంది, దానికి వేరే ఉత్తరం రాస్తాను. ఇది మాత్రం నువ్వు అడగని విషయం, నీ ఫైలు సంగతి. ముప్పై ఏళ్లుగా కథలు రాస్తున్నవాడు పంక్తుల మధ్య ఎడం గురించి ఇంత పొడవు ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటావేమో. నవ్వుకో. నా అంత వయసొచ్చాక నువ్వూ ఎవరికో ఒకరికి రాస్తావు.

ఎవరు రాతప్రతి పంపినా మొదటి వాక్యం చదవక ముందే నేను ఒక పని చేస్తాను. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో హోమ్ పట్టీ మీద, అద్దంలో తిరగబడిన ఇంగ్లీషు 'పీ' అక్షరంలాంటి బొమ్మ ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కుతాను. మామూలుగా కంటికి కనిపించనివన్నీ అప్పుడు బయటపడతాయి. స్పేస్ కొట్టిన ప్రతిచోటా ఒక చుక్క, ట్యాబ్ కొట్టినచోట ఒక బాణం, ఎంటర్ కొట్టినచోటల్లా ఆ తిరగబడిన పీ. రాసినవాళ్ల ఓపిక, కంగారు, మొండితనం అన్నీ అక్కడ తెలిసిపోతాయి. నీ ఫైలులో ఓపిక చాలా కనిపించింది తల్లీ. అదే నా బాధ.

నీ రెండో అధ్యాయం పేజీలో 17వ పంక్తి దగ్గర ముగిసింది. మూడో అధ్యాయం కొత్త పేజీలో, కాస్త కిందికి దిగి మొదలవ్వాలని నీ కోరిక. కోరిక న్యాయమైనదే. దానికోసం ఎంటర్ నొక్కుకుంటూ పోయావు. లెక్కపెట్టాను, 17 ఖాళీ పేరాలు ఉన్నాయి. వాటిలో 12 ఆ పేజీని నింపాయి, మిగిలిన 5 కొత్త పేజీలో శీర్షికను ఆరో పంక్తికి దించాయి. తెర మీద ముచ్చటగానే ఉంది.

ఇప్పుడు ఈ లెక్క చూడు. అంగుళానికి 72 పాయింట్లు. ఏ4 కాగితం ఎత్తు దాదాపు 842 పాయింట్లు. పైనా కిందా అంగుళం చొప్పున వదిలితే రాతకు మిగిలేది 698. నువ్వు పంక్తికి 24 పాయింట్లు ఇచ్చావు కాబట్టి పేజీకి 29 పంక్తులు పట్టాయి. రేపు సంపాదకులెవరో దాన్ని 18కి తగ్గించమంటారు. పేజీకి 38 పంక్తులు పడతాయి. ముందున్న పేజీలన్నీ కూడా కదులుతాయి కనుక నీ శీర్షిక అసలు ఎక్కడ తేలుతుందో చెప్పడం కష్టం. ఆ పేజీ ఒక్కటీ కదలకుండా ఉందనుకున్నా, మూడో అధ్యాయం శీర్షిక వెనక్కి వచ్చి రెండో అధ్యాయం పేజీలోనే 35వ పంక్తి మీద కూర్చుంటుంది. పైన పెద్ద గొయ్యి, కింద మూడంటే మూడు పంక్తుల కథ. ఇలాంటివి నీ ఫైలులో 22 ఉన్నాయి, అధ్యాయానికొకటి చొప్పున.

ఇదంతా ఇంత ఖచ్చితంగా ఎలా తెలుసంటావా? నా మొదటి నవలకు 31 అధ్యాయాలు. అచ్చుకు వెళ్లే ముందు ఫాంటు మార్చమన్నారు. మార్చాను. శీర్షికలన్నీ చెదిరిపోయాయి. ఒక రాత్రంతా కూర్చుని ఒకచోట ఎంటర్లు తీసేస్తూ, మరోచోట కలుపుతూ సరిచేశాను. వారం తిరగకుండా ఫాంటు మళ్లీ మార్చమన్నారు. మళ్లీ ఎంటర్లే కొట్టాను! మూడోసారికి గానీ బుద్ధి రాలేదు. అప్పుడు డీటీపీ చేసే ఒకావిడ నా భుజం మీదుగా తెర చూసి, "ఇది శీర్షిక అని కంప్యూటర్‌కు ఎప్పుడైనా చెప్పారా అండీ?" అని అడిగింది. చెప్పలేదు. అక్షరాలు పెద్దవి చేశాను, బోల్డ్ చేశాను, పంక్తి మధ్యకు తెచ్చాను. చూసే మనిషికి అది శీర్షికే. యంత్రానికి మాత్రం కాస్త లావెక్కిన మరో పేరా.

చెప్పడం ఎలాగో నీకూ చూపిస్తాను. శీర్షిక ఉన్న పంక్తిలో కర్సర్ పెట్టి, హోమ్ పట్టీలోని స్టైల్స్‌లో 'హెడింగ్ 1' ఎంచుకో. వర్డ్‌లోనైనా గూగుల్ డాక్స్‌లోనైనా కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కినా అదే పని జరుగుతుంది. లిబ్రె ఆఫీస్ రైటర్‌లో కంట్రోల్, 1 చాలు. ఇక్కడ ఒక తిరకాసుంది. అదే కంట్రోల్, 1 వర్డ్‌లో నొక్కితే శీర్షిక రాదు, ఆ పేరా పంక్తుల ఎడం సింగిల్ అయిపోతుంది. రెండిట్లోనూ పనిచేసేవాళ్లు కనీసం ఒక్కసారైనా దీనికి బలవుతారు.

స్టైల్ తగిలించగానే నీలంరంగులో, నీకు నచ్చని ఫాంటులో ఏదో వస్తుంది. బెదిరిపోయి వెనక్కి తీయకు. 'హెడింగ్ 1' పేరు మీద కుడి క్లిక్ చేసి 'మోడిఫై'లోకి వెళ్లి, రంగు, ఫాంటు, సైజు అన్నీ నీకు కావలసినట్టు ఒక్కసారి దిద్దుకో. 22 శీర్షికలూ ఒకేసారి మారతాయి. అక్కడే కింద 'ఫార్మాట్' నొక్కి 'పేరాగ్రాఫ్' తెరిచి, రెండో పుటలో 'పేజ్ బ్రేక్ బిఫోర్' అన్న గడిలో టిక్కు పెట్టు. ఇక ఏ అధ్యాయమైనా దానంతట అదే కొత్త పేజీ ఎక్కుతుంది. ముందు పేజీలో ఎన్ని పంక్తులున్నాయో దానికి అక్కర్లేదు. పక్కనే ఉన్న 'కీప్ విత్ నెక్స్ట్' కూడా టిక్కు పెట్టి ఉందో లేదో చూడు. అధ్యాయం లోపల చిన్న శీర్షికలు పెట్టుకునేవాళ్లకు అది బాగా పనికొస్తుంది, శీర్షిక ఒక పేజీ అడుగునా దాని పేరా మరో పేజీలోనా పడకుండా కాపాడుతుంది. శీర్షికకూ మొదటి పేరాకూ మధ్య ఖాళీ కావాలంటే మొదటి పుటలోని 'ఆఫ్టర్' గడిలో 24 పాయింట్లు ఇవ్వు. పేజీలో శీర్షిక ఎంత కిందికి దిగాలన్నది పుస్తకం కూర్చేవాళ్లు చూసుకుంటారు. నీ ప్రతిలో అది పేజీ తలమీదే ఉన్నా కొంప మునగదు.

తెలుగులో రాసేవాళ్లకు ఇక్కడ ఒక అదనపు చిక్కు. సైజు 20 అని పెట్టినా తెలుగు అక్షరాలు బెల్లంకొట్టిన రాయిలా కదలకుండా, ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే పెరిగితే, 'కాంప్లెక్స్ స్క్రిప్ట్' అన్నచోట కూడా ఆ సైజు పెట్టాలి. ఈ సాఫ్ట్‌వేర్‌లు తెలుగును ఆ గుంపులో కలిపి, దాని ఫాంటునూ సైజునూ విడిగా దాచుకుంటాయి. తప్పు నీది కాదు.

నువ్వు 'అధ్యాయం 3' అని ఒక పంక్తిలో, దాని పేరు మరో పంక్తిలో రాశావు. మధ్యలో ఎంటర్ కొడితే అవి రెండు శీర్షికలవుతాయి, విషయసూచికలోనూ రెండుగా దిగుతాయి. షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టు. పంక్తి మారుతుంది, పేరా మారదు.

ఇక పంక్తుల ఎడం. సీసపు అక్షరాలు పేర్చి అచ్చువేసిన రోజుల్లో పంక్తికీ పంక్తికీ మధ్య పలుచని సీసపు పట్టీలు పెట్టేవారు. ఇంగ్లీషులో లెడ్డింగ్ అన్న మాట ఆ సీసం నుంచే వచ్చింది. ఇప్పుడు ఆ పట్టీల పని ఒక గడిలో అంకె చేస్తుంది. డబుల్ ఎడం టైపు మిషను కాలపు ఆచారం, దిద్దేవాళ్ల కలానికి చోటు కోసం. అడిగినవాళ్లకు అలాగే ఇవ్వు. ఎవరూ ఏమీ చెప్పకపోతే తెలుగుకు 1.5 చాలునని నా అభిప్రాయం. మన అక్షరాలకు పైన గుడులూ కింద వత్తులూ ఉండటంతో తెలుగు ఫాంట్లు ముందే ఎత్తుగా ఉంటాయి. దానికి డబుల్ కూడా తోడైతే పేజీ పళ్లూడిన నోరులా కనిపిస్తుంది.

నీ ఆరో అధ్యాయంలో మాత్రం ఉల్టా జరిగింది. ఎడం 'ఎగ్జాక్ట్లీ' అని పెట్టి 14 పాయింట్లు ఇచ్చావు. అక్షరం సైజూ 14. 'శాస్త్రి స్త్రీల రాష్ట్ర సభకు' అన్న పంక్తి చూడు. కింద వేలాడే వత్తులు కింది పంక్తిలోని గుడుల మీద పడుతున్నాయి, కొన్నిచోట్ల అక్షరం తల తెగిపోయింది. 'ఎగ్జాక్ట్లీ' అంటే అక్షరం పట్టినా పట్టకపోయినా ఇంతే చోటు అని ఆజ్ఞ. 'మల్టిపుల్' అయితే ఫాంటు ఎత్తును బట్టి సర్దుకుంటుంది, అక్కడే ఉండు. ఒక్క సందర్భంలో 'ఎగ్జాక్ట్లీ' మంచిదే. పంక్తిలో ఒక ఇంగ్లీషు మాట వేరే ఫాంటులో వచ్చి, ఆ పంక్తి ఒక్కటే ఎడంగా జరిగినట్టు కనిపిస్తుంటే, 14 సైజుకు 26 పాయింట్ల లాంటి ధారాళమైన అంకె ఇచ్చి అన్నీ సమం చేయవచ్చు.

పేరాల మధ్య ఆ వింత ఖాళీ ఎక్కడిదని అడిగావు కదా, కిందటి ఉత్తరంలో. అది నువ్వు పెట్టింది కాదు. వర్డ్ 2007 నుంచి ఖాళీ పత్రమే అలా మొదలవుతోంది. అప్పట్లో పంక్తుల ఎడం 1.15, పేరా తర్వాత 10 పాయింట్లు. 2013లో అవి 1.08, 8 పాయింట్లు అయ్యాయి. నవలకు 'ఆఫ్టర్' సున్నా చేసి, 'ఫస్ట్ లైన్' దగ్గర అర అంగుళం లోపలికి జరుపు. ఇదంతా 'నార్మల్' స్టైల్‌లోనే చెయ్యి. పేరా మొదట్లో అయిదు స్పేసులు కొట్టడం మానేసెయ్. కొన్నిచోట్ల నాలుగు కొట్టావు, ఒకచోట ఏడు.

ఇప్పుడున్న ఖాళీ పేరాలను ఒక్కొక్కటిగా తీయకు, కళ్లు పోతాయి. కానీ ముందు ఒక జాగ్రత్త. దృశ్యం మారినచోట నువ్వు వదిలిన ఖాళీ పంక్తులు కూడా వాటిలో కలిసి పోతాయి. కాబట్టి మొదట ఆ చోట్లకు వెళ్లి మూడు నక్షత్రాలు పెట్టు. అవి ఎలాగూ కావాలి. ఖాళీ పంక్తి సరిగ్గా పేజీ అడుగున పడితే చదివేవాళ్లకు కనిపించదు. నీ తొమ్మిదో అధ్యాయంలో తల్లి చనిపోయిన పేరా తర్వాత అదే జరిగింది. పేజీ తిప్పగానే కూతురు సంతలో బేరమాడుతుంటే, దృశ్యం మారిందని తెలియక ఆ పిల్లకు గుండె లేదనుకున్నాను.

నక్షత్రాలు పెట్టాక 'రీప్లేస్' తెరిచి, 'మోర్'లో 'స్పెషల్' నొక్కి, వెతికే గడిలో 'పేరాగ్రాఫ్ మార్క్' రెండుసార్లు, బదులు గడిలో ఒకసారి పెట్టి అన్నీ మార్చమను. ఒక విడతతో పోవు. మార్చినవాటి సంఖ్య ఇక తగ్గదనిపించే దాకా కొట్టు. మొదలుపెట్టే ముందు ఫైలుకు ఇంకో ప్రతి తీసి దాచు. నేను దాచకుండా చేసి ఏడ్చాను.

ఇదంతా అచ్చువాళ్ల సుఖానికి అనుకోకు. 'వ్యూ'లో 'నావిగేషన్ పేన్' టిక్కు పెట్టు. రైటర్‌లో అయితే ఎఫ్5. నీ 22 శీర్షికలూ ఒక వరుసలో నిలబడతాయి. వర్డ్‌లో దేని మీద నొక్కితే అక్కడికి వెళ్తావు. పట్టుకుని పైకి లాగితే అధ్యాయమంతా, దాని సంభాషణలతో నక్షత్రాలతో సహా, కొత్త చోటికి నడిచి వస్తుంది. వంద పేజీల మీదుగా కాపీ చేసి అతికించే పని లేదు. నా మూడో నవలలో చివరి నుంచి రెండో అధ్యాయాన్ని అలా మొదటికి లాగి చూశాను. ఒక నిమిషం పని. నచ్చకపోతే మళ్లీ కిందికి లాగేవాణ్ని. నచ్చింది.

నీ 12వ అధ్యాయం, ఆ పడవ ప్రయాణం, నాలుగో దానికి ముందు ఉంటే బాగుండునని చదువుతున్నంతసేపూ అనిపించింది. శీర్షికలు సరిచేశాక దాన్ని ఒకసారి పైకి లాగి, మూడు నుంచి ఆరు దాకా వరుసగా చదువు. ఏమనిపించిందో రాయి. కథ గురించి నా ఉత్తరం ఆ తర్వాతే.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి