“ఉత్త సాక్షి సంతకమే” అంటున్నారు.. పెట్టొచ్చా?

ప్రశ్న: నేను హనుమకొండలో ఉంటాను, ఆర్టీసీలో ఉద్యోగం. పరకాల దగ్గర మా అక్క, బావ పత్తి వేస్తారు. మేనకోడలికి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో కన్వీనర్ కోటా సీటు వచ్చింది. ఫీజు, హాస్టల్ కలిపి నాలుగేళ్లకు 8 లక్షలు. బ్యాంకుకు వెళ్తే భూమి కాగితాలు అడిగారు. ఈలోగా ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ ఏజెంటు 13.5 శాతానికి వారంలో లోన్ ఇప్పిస్తానని వచ్చాడు. బావకు పే స్లిప్పులు లేవు కాబట్టి నన్ను సంతకం పెట్టమంటున్నాడు. “ఉత్త సాక్షి సంతకమే, పైగా మీకు ట్యాక్స్ తగ్గుతుంది” అన్నాడు. మూడు ఖాళీ చెక్కులు కూడా కావాలట. పాపకు 18 నిండడానికి ఇంకా నాలుగు నెలలుంది. రేపు వాళ్లు కట్టలేకపోతే నా మీదికి వస్తుందా? బావ రెండెకరాలు పోతాయా?

జవాబు: మీరు పంపిన కాగితాల ఫొటోలు అన్నీ చదివాను. ఏజెంటు పెన్సిల్‌తో టిక్కు పెట్టిన చోట, సంతకం గీత కింద, చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో ‘కో-అప్లికెంట్ 2’ అని ఉంది. అంటే సహ రుణగ్రహీత. సాక్షుల గడి ఆఖరి పేజీలో వేరుగా ఉంది, అక్కడ మీకు టిక్కు లేదు. ఆ టిక్కు ఉన్న చోట సంతకం పెడితే ఆ 8 లక్షలు మీరు తీసుకున్న అప్పే.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు సమాధానం: అవును, మీ మీదికే వస్తుంది. కలిసి మాట ఇచ్చిన వాళ్లలో ఎవరి దగ్గరైనా మొత్తం వసూలు చేసుకోవచ్చని భారత కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ చెబుతోంది. ముందు బావను అడగాలి, తర్వాతే మిమ్మల్ని అనే వరస ఏదీ లేదు. జమానత్ ఉన్నా అంతే, 128వ సెక్షన్ ప్రకారం జమానత్‌దారు బాధ్యత అసలు బాకీదారుతో సమానం. పైగా మైనర్ చేసిన ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిల్, అంటే అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు, తేల్చింది. అంటే ఇవాళ మీ మేనకోడలు సంతకం పెట్టినా దానికి బలం లేదు, మోసేది మీరూ మీ బావే. మీ ఇద్దరిలో ప్రతి నెలా జీతం వచ్చేది ఎవరికో కంపెనీకి తెలుసు. బాకీ కట్టమని కోర్టు తీర్పు, అంటే డిక్రీ, వస్తే జీతంలో మొదటి వెయ్యి పోను మిగిలిన దాంట్లో మూడో వంతు దాకా జప్తు చేయించవచ్చు. అంతకంటే ముందే మీ సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. రేపు మీరు ఇంటి లోన్‌కు వెళ్తే ఈ 8 లక్షలు మీ పేరు మీదే కనిపిస్తాయి.

ట్యాక్స్ మాట నిజం కాదు. విద్యా రుణం వడ్డీ మీద మినహాయింపు తన చదువుకు, భార్య లేదా భర్త చదువుకు, పిల్లల చదువుకు, లేదా తాను చట్టబద్ధ సంరక్షకుడిగా ఉన్న విద్యార్థి చదువుకు తీసుకున్న రుణానికే. మేనమామకు రాదు.

ఖాళీ చెక్కులు మాత్రం దయచేసి ఇవ్వకండి. సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కును అవతలివాళ్లు నింపుకున్నా చెక్ బౌన్స్‌కు సంబంధించిన 138వ సెక్షన్ కింద కేసు నిలుస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. నేను ఖాళీగా ఇచ్చానండీ అంటే చాలదు, బాకీ లేదని రుజువు చేసుకునే భారం మీ మీద పడుతుంది. ఆ కేసులో రెండేళ్ల దాకా జైలు ఉంటుంది. హనుమకొండ కోర్టులో ఇలాంటి కేసులకు వచ్చేవాళ్లలో చాలామంది తమ కోసం రూపాయి వాడుకోనివాళ్లే.

బావ భూమి సంగతి. ఈ కాగితాల్లో దాన్ని కుదువ పెట్టలేదు. పెట్టని భూమిని కంపెనీ నేరుగా ముట్టుకోలేదు, కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు కూడా. కోర్టులో గెలిచి డిక్రీ తెచ్చుకుంటే మాత్రం జప్తు అడగొచ్చు.

ఇక మిత్తి. “చదువు అయ్యేదాకా కట్టేది లేదు” అని ఏజెంటు మీ అక్కకు చెప్పాడట. కాగితంలో అలా లేదు, చదువుతుండగానే నెలనెలా వడ్డీ కట్టాలని ఉంది. ఏడాదికి 2 లక్షల చొప్పున తీసుకుంటే మొదటి ఏడు నెలకు 2,250, నాలుగో ఏడు నెలకు 9,000. పత్తి డబ్బులు ఏడాదికోసారి చేతికొచ్చే ఇంట్లో నెలనెలా 9,000 ఎక్కడి నుంచి తెస్తారు? మీ జేబులోంచే.

నా సలహా, మళ్లీ బ్యాంకుకు వెళ్లండి. మీరు 8 లక్షలు అడిగారు, అందుకే భూమి కాగితాలు అడిగి ఉంటారు. బ్యాంకుల సంఘం నమూనా పథకంలో 7.5 లక్షలు దాటితేనే ఆస్తి తాకట్టు. 4 లక్షల దాకా తాకట్టు అడగనే కూడదని రిజర్వ్ బ్యాంక్ ఆదేశం. ఆస్తి గానీ బయటివాళ్ల జమానత్ గానీ లేకుండా ఇచ్చే రుణాలకు 7.5 లక్షల వరకు బ్యాంకుకు హామీగా నిలిచే కేంద్రం క్రెడిట్ గ్యారంటీ ఫండ్ 2015 నుంచి ఉంది. నోటిమాటగా అడిగి తిరిగి రాకండి. విద్యా రుణాల కోసం ఉన్న విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టండి, కాదంటే కారణం రాసివ్వమనండి. కాలేజీ పీఎం విద్యాలక్ష్మి అనే కేంద్ర పథకం జాబితాలో ఉందేమో కూడా చూడండి. ఉంటే, ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇళ్లకు చదువు కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ దొరుకుతుంది. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటే ఇది రాదు కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో పోల్చి లెక్క వేసుకోండి.

బ్యాంకు వడ్డీ 10.5 శాతం అనుకుందాం. పైన చెప్పినట్టే 8 లక్షలు విడతలుగా తీసుకుంటే నాలుగేళ్ల చదువు, ఆపై ఒక ఏడాది గడువుకు బారువడ్డీ 2,94,000. అదే 13.5 అయితే 3,78,000. తేడా 84 వేలు, పాప హాస్టల్‌కు ఏడాది వెళ్తుంది.

బ్యాంకు నిజంగానే కాదంటే, ప్రైవేటు కంపెనీ దగ్గర తీసుకోవడం తప్పేమీ కాదు. కానీ సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ తెలుగులో ఇవ్వమనండి. 2024 అక్టోబరు 1 నుంచి అది తప్పనిసరి. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపిన అసలు వడ్డీ అందులో ఉంటుంది. అందులో లేని చార్జీ మీ ఒప్పుకోలు లేకుండా తర్వాత వేయకూడదు. ఫ్లోటింగ్ వడ్డీయే, అంటే మార్కెట్‌ను బట్టి మారేదే అడగండి, ముందే తీర్చేస్తే జరిమానా ఉండదు. పాపకు 18 నిండగానే ఆమెనూ రుణగ్రహీతగా చేరుస్తామని రాయించుకోండి. తర్వాత ఎప్పుడైనా వసూలుకు వచ్చేవాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేసినా, బెదిరించినా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఇలాంటి ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయొచ్చు.

అక్కకు మొహం మీద వద్దని చెప్పలేక రాసినట్టున్నారు. చెప్పాల్సిన పని లేకుండా ఒక దారి ఉంది. బ్యాంకులో 7.5 లక్షలకే దరఖాస్తు పెట్టించండి, తగ్గిన 50 వేలు మీరే కాలేజీకి కట్టండి. 4 లక్షలు దాటిన రుణానికి మనవైపు నుంచి పెట్టుకోవాల్సిన 5 శాతం కూడా అందులోనే సరిపోతుంది. మేనకోడలికి మేనమామ ఇచ్చిందే అనుకోండి. దానికి ఏ కాగితం మీదా మీ సంతకం అక్కర్లేదు.