అయ్యప్ప మాలలో ఉన్నప్పుడు ఆఫీసు క్రిస్మస్ విందుకు వెళ్లవచ్చా?

భీమవరంలో కొత్తగా ఉద్యోగంలో చేరి, మాలలో ఉన్నవారి సందేహం ఇది. నా అభిప్రాయంలో వెళ్లడమే మంచిది, అయితే అరగంట చాలు. డిసెంబరు 25 సెలవు కాబట్టి ఈ విందులు సాధారణంగా అంతకుముందే, పని ముగిశాక జరుగుతాయి. 41 రోజుల మండల దీక్ష కూడా డిసెంబరు చివరి వారం దాకా సాగుతుంది గనుక రెండూ ఒకేసారి రావడం ఏటా ఉండేదే. నరసాపురం ప్రాంతంలో 19వ శతాబ్దం నుంచే క్రైస్తవ మిషన్లు ఉన్నందున, నల్లబట్టల స్వామి పక్కన నిలబడి కేకు కోయడం ఇక్కడ ఎవరికీ వింత కాదు. అసలు చిక్కు తిండిదే: కేకులో చాలావరకు గుడ్డు ఉంటుంది, వడ్డన హడావిడిలో బిర్యానీ గరిటె పప్పు గిన్నెలోకి వెళ్తుంది. అందుకే ఏర్పాట్లు చూసేవారికి ముందే చెప్పి, మీ వరకు అరటిపళ్లో కమలాలో విడిగా తెప్పించుకుని, శుభాకాంక్షలు చెప్పి సాయంత్రం పూజ వేళకు బయలుదేరండి. వెళ్లడం కుదరకపోతే పై అధికారికి ఉన్న కారణమే చెప్పండి. లేని జ్వరం తెచ్చుకోనక్కర్లేదు.