ఎస్ప్రెస్సో మెషీన్‌లో హీటరు వైరు నల్లబడితే ఏం చేయాలి?

ముందుగా ఒక్క మాట: స్టెబిలైజర్‌కు డబ్బులు పెట్టకండి.

మెషీన్ ఆన్ చేసిన కాసేపటికి కాలిన వాసన వస్తోందని, మూత విప్పితే బాయిలర్ హీటరుకు తగిలించిన క్లిప్పు నల్లబడి, వైరు తొడుగు కరిగి ఉందని రాశారు. వచ్చిన మెకానిక్ "అనంతపురంలో వోల్టేజీ సరిగా ఉండదు, అందుకే కాలింది" అన్నాడని కూడా రాశారు. మోటార్ల విషయంలో ఆ మాట నిజమే. లో వోల్టేజీలో బోరు మోటారు ఎక్కువ కరెంటు లాగి వైండింగ్ కాల్చుకుంటుంది. మన జిల్లాలో ఏ రైతునడిగినా చెబుతాడు. హీటరు సంగతి వేరు. వోల్టేజీ తగ్గితే అది లాగే కరెంటూ తగ్గుతుంది. 1350 వాట్ల హీటరు 230 వోల్టుల దగ్గర సుమారు 5.9 ఆంపియర్లు తీసుకుంటే, 190కి పడిపోయినప్పుడు 4.9 దగ్గరే ఉంటుంది. కాఫీ ఆలస్యమవుతుంది తప్ప వైరు కాలదు.

కాలింది క్లిప్పు వదులు కావడం వల్ల. హీటరు కాడ (క్లిప్పు తగిలించే రేకు) మీద అది గట్టిగా పట్టుకుని ఉన్నంతకాలం అక్కడ వేడి పుట్టదు. పట్టు తగ్గి ఆ జాయింటు దగ్గర ఓమ్‌లో పదో వంతు నిరోధం వచ్చిందనుకోండి, గోరంత రేకులో దాదాపు మూడున్నర వాట్ల వేడి పుడుతుంది. పక్కనే ఉన్న బాయిలర్ వేడి దానికి తోడు. ఆ వేడికి ఇత్తడి క్లిప్పు స్ప్రింగు గుణం పోగొట్టుకుని ఇంకా వదులవుతుంది, రాగి నల్లబడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. అందుకే ఇది తనంతట తాను తగ్గదు. బాగుచేసేదాకా దయచేసి మెషీన్ వాడకండి.

మా కమలానగర్ ఇంట్లో మెషీన్‌కూ ఇదే వచ్చింది. పైకి ఒక్క క్లిప్పే పాడైనట్టు కనిపించింది. వైరు వంచి చూస్తే తొడుగు పెళుసుగా విరిగింది. లోపలి రాగి పోగులు నల్లగా ఉన్నాయి, కొంచెం వెనక్కి కత్తిరించినా నలుపే. నల్లబడిన రాగికి కొత్త క్లిప్పు నొక్కితే పట్టు సరిగా కుదరదు, మళ్లీ అదే కథ. రాగి తళతళలాడే చోటు దాకా కత్తిరించాలి. అప్పటికి వైరు పొడవు చాలకపోతే (నాకు చాలలేదు) మధ్యలో అతుకు వేయకుండా ఆ వైరు మొత్తం మార్చేయండి.

పని మొదలుపెట్టే ముందు ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే సరిపోదు. బాయిలర్ పూర్తిగా చల్లారనివ్వండి. ఏ వైరు ఎక్కడిదో ఫోన్లో ఫొటోలు తీసుకోండి. ఇళ్లకు వేసే మామూలు పీవీసీ వైరు తట్టుకునేది 70 డిగ్రీలే, బాయిలర్ దగ్గర పనికిరాదు. గీజర్, ఇస్త్రీ పెట్టె సామాన్లు అమ్మే షాపులో హీట్ ప్రూఫ్ వైరు అని, ఫైబర్ గ్లాస్ తొడుగుది, పాత వైరు కంటే సన్నం కానిది అడగండి. క్లిప్పు కూడా ఎర్ర, నీలం ప్లాస్టిక్ తొడుగున్నది వద్దు. నికెల్ పూత వేసిన బోడి స్టీలు క్లిప్పు, చాలా మెషీన్లకు 6.3 మిల్లీమీటర్లది సరిపోతుంది. అయినా పాతది చేతిలో పట్టుకెళ్లి పోల్చుకోండి.

క్లిప్పును మామూలు కటింగ్ ప్లేయరుతో నలగ్గొట్టవద్దు. క్రింపింగ్ ప్లేయరుతోనే నొక్కాలి. అది లేకపోతే ఏ మోటారు వైండింగ్ షాపుకు తీసుకెళ్లినా నొక్కిస్తారు. నొక్కాక వైరు పట్టుకుని గట్టిగా లాగి చూడండి, ఊడితే మెషీన్‌లో కాక చేతిలోనే ఊడటం మేలు. సోల్డరింగ్ చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సోల్డరింగ్‌కు వాడే మామూలు తగరం-సీసం మిశ్రమం 180 డిగ్రీలు దాటితే కరగడం మొదలుపెడుతుంది, చెడిన జాయింటు ఆ వేడికి సులువుగా చేరుతుంది. హీటరు కాడను సన్నని ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. దాని మీదికి కొత్త క్లిప్పు బలం పెడితేనే ఎక్కాలి. వేళ్లతో జారిపోయేలా ఎక్కితే అది పనికిరాదు.

ఇదే కరెంటు మెయిన్ స్విచ్, థర్మోస్టాట్ (వేడి చాలగానే హీటరును ఆపేది), థర్మల్ ఫ్యూజు (వేడి మితిమీరితే కరెంటు తెంచేది) గుండా కూడా వెళ్తుంది. ఆ క్లిప్పులన్నీ ఒక్కొక్కటిగా కదిపి చూడండి. స్విచ్ ప్లాస్టిక్ మెత్తబడి రంగు మారి ఉంటే స్విచ్చే మార్చాలి. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: థర్మల్ ఫ్యూజు పోయిందని ఎవరైనా "డైరెక్ట్ చేసేస్తాను" (అది లేకుండానే వైర్లు కలిపేస్తాను) అంటే మెషీన్ వెనక్కి తెచ్చేసుకోండి. థర్మోస్టాట్ అతుక్కుపోయిన రోజు ఇంటిని కాపాడేది ఆ చిన్న ముక్కే. అలాగే విప్పిన ఎర్త్ వైరు తిరిగి బాడీకి బిగించకుండా మూత పెట్టకండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే నీళ్లు చూసుకోవాలి. మన బోరు నీళ్లు పోస్తే బాయిలర్‌లో తెల్లగా పేరుకుంటుంది, సీల్ దగ్గర సన్నగా కారడం మొదలవుతుంది, ఆ ఆవిరి క్లిప్పుల మీద పడి తుప్పు పట్టిస్తుంది. మీ క్లిప్పు మీద ఆకుపచ్చ బూజులాంటిది కనిపిస్తే ముందు ఆ లీకు ఆపండి, తర్వాతే వైరు. పంపు వణుకుడుకు కూడా క్లిప్పులు మెల్లగా వదులవుతాయి, కాబట్టి డీస్కేలింగ్ (ఆ తెల్లటి పేరుకుపోయినది తీసేయడం) చేసినప్పుడల్లా మూత తీసి ఒకసారి చూడటం మంచిది. అయితే ఊరికే లాగి మళ్లీ పెట్టవద్దు, అలా చేసినా స్ప్రింగు పోతుంది.

గోడ దగ్గర కూడా ఇదే లెక్క. 1350 వాట్లంటే 6 ఆంపియర్ల సాకెట్‌కు అంచు మీద ఉన్నట్టే. గీజర్‌కు వాడే 16 ఆంపియర్ల సాకెట్‌లో సరైన ప్లగ్‌తో పెట్టండి, మల్టీప్లగ్ వద్దు. కాఫీ అయ్యాక సాకెట్ స్విచ్ ఆపి ప్లగ్ తీసి పిన్నులు ముట్టుకోండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే సాకెట్ కూడా వదులైనట్టే.

బిగించే ముందు హీటరు రెండు కాడల మధ్య మల్టీమీటరుతో ఓమ్స్ చూడండి. 1350 వాట్లదైతే 39 దరిదాపుల్లో రావాలి. కాడకూ బాయిలర్ బాడీకీ మధ్య అసలు కనెక్షనే చూపించకూడదు (సున్నా వచ్చినా కనెక్షన్ ఉన్నట్టే), చూపిస్తే హీటరే పోయినట్టు, దానికి వైర్లు బిగించకండి. మీ మెషీన్ వాట్లు, వచ్చిన రీడింగు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.