పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు ఎలా తెలుసుకోవాలి, టెస్ట్ సెంటర్ ఎక్కడ?

విజయవాడలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2019 బీఎస్-4 (ప్రభుత్వం పెట్టిన పొగ పరిమితుల్లో నాలుగో దశ) బైక్, పొల్యూషన్ కాగితం పోయింది, గడువు తెలియట్లేదు అన్నారు కదండీ. కాగితం కోసం వెతకనక్కర్లేదు. రవాణా శాఖ వారి పరివాహన్ పీయూసీ (పొల్యూషన్ సర్టిఫికెట్) సైట్‌లో బండి నంబరు, ఛాసిస్ నంబరు చివరి 5 అంకెలు (ఆర్సీలో ఉంటాయి) కొట్టండి, గడువు తేదీతో సహా కనిపిస్తుంది. కొత్త బండికి మొదటి ఏడాది అక్కర్లేదు. తర్వాత బీఎస్-4, బీఎస్-6 బళ్లకు ఏడాదికోసారి, అంతకంటే పాతవాటికి 6 నెలలకోసారి.

సెంటర్లు ఎక్కువగా పెట్రోల్ బంకుల్లోనే ఉంటాయి. వెళ్లేముందు ఆర్సీకి మీ ఫోన్ నంబరే లింకై ఉందో చూసుకోండి. టెస్టప్పుడు వచ్చే ఓటీపీ పాత ఓనరుకు పోతే పని అక్కడే ఆగిపోతుంది.

ఇంజిన్ చల్లగా ఉండగా టెస్టుకు పెట్టొద్దు. పెట్రోల్ సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ చూపిస్తుంది. 10 నిమిషాలు నడిపి తీసుకెళ్లండి. అయినా ఫెయిలైతే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి, తర్వాత స్పార్క్ ప్లగ్ విప్పండి. కొన మీద పొడి నల్లమసి ఉంటే మిక్చర్ రిచ్‌గా (గాలి తక్కువ, పెట్రోల్ ఎక్కువ) ఉన్నట్టే, ఆ రెండిటినీ కలిపే కార్బురేటర్ ట్యూనింగ్ చేయించాలి. సైలెన్సర్‌లో పొగ కొలిచే గొట్టం పెట్టకుండా, ఫోటో తీసి కాగితం ఇచ్చేసే చోటికి మాత్రం దయచేసి వెళ్లకండి. సర్టిఫికెట్ లేకుండా పట్టుబడితే చట్టప్రకారం జరిమానా 10,000 రూపాయల దాకా ఉంది.